ఓర్చుకోవడానికి ఎన్ని మాటలు కావాలి? (కల్పిత భాషకు పదాలు కడుతున్నాను, సలహాలు చెప్పండి)

కోటగుమ్మం | విజయనగరం

అందరికీ నమస్కారం. నేను రాస్తున్న పెద్దకథలో ఒక తీరప్రాంతపు జనం ఉన్నారు. వాళ్ళ కోసం ఇలోర అనే భాష కడుతున్నానని ఇదే వేదికలో ఇదివరకు చెప్పాను. వ్యాకరణం ఒక కొలిక్కి వచ్చింది. క్రియ వాక్యం చివర వస్తుంది, ధాతువుకు ఒకే ఒక్క ప్రత్యయం అతుకుతుంది, లింగభేదం లేదు. ఇప్పుడు పదకోశం దగ్గర బండి ఆగింది.

ఏటా తుపాను చూసే జనం కాబట్టి వాళ్ళకు ఓర్పు గురించిన మాటలు దండిగా ఉండాలని నా కోరిక. ప్రస్తుతానికి ఒకటే ధాతువు పెట్టాను: మొదు. దానికి కొద్దిగా, మామూలుగా, గట్టిగా అని మూడు మెట్లు. పరీక్షకని నాలుగు వాక్యాలు తీసుకుని అందులోకి మారిస్తే నాలుగూ ఒకే అచ్చులో పోసినట్టు వచ్చాయి. అవి ఇవీ:

పక్కవీధి పందిట్లో మైకు మోతను ఆమె ఓర్చుకుంది.
పంటినొప్పిని తెల్లవారేదాకా ఓర్చుకుంది.
అత్తగారి మాటలను కోడలు ఓర్చుకుంది.
కోడలి వంటను అత్తగారు ఓర్చుకుంది.

తెలుగులోనూ నాలుగింటికీ ఒకే క్రియ సరిపెట్టాను, నిజమే. కానీ వినేవాళ్ళకు తేడా తెలిసిపోతుంది. ఇలోరలో ఆ తేడా మాటలోనే కనబడాలి. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

లెక్కలమాస్టారు | శ్రీకాకుళం

అమ్మా, ఈ పని నీకంటే ముందు చేసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళేం చేశారో చూసి మొదలుపెట్టు.

లోజ్‌బాన్ అని తర్కశాస్త్రం పునాదిగా కట్టిన భాష ఒకటి ఉంది. 1955లో జేమ్స్ కుక్ బ్రౌన్ మొదలుపెట్టిన లోగ్లాన్ నుంచి 1987లో విడిపోయి వేరు కాపురం పెట్టింది. అందులో మనసులోని భావాన్ని చిన్న అవ్యయంగా వాక్యంలో ఎక్కడైనా తగిలించవచ్చు. ఓర్పుకు వాళ్ళు పెట్టుకున్న అవ్యయం ఏమిటో తెలుసా? ఓహో. నవ్వకు, నిజంగానే. ఉత్త ఓహో అంటే ఓర్పుతో ఉన్నాను అని. ఓహోషుహి అంటే ఏదో సహిస్తున్నాను, అంతవరకే. ఓహోనై అంటే కోపం వచ్చింది. ఒక కొసన ఓర్పు, ఇంకో కొసన కోపం, నడుమ సున్నా దగ్గర ఉత్త సహనం. సంఖ్యారేఖ! నేను బల్లమీద ఎన్ని వందల సార్లు గీశానో ఆ గీత.

ఎస్పెరాంతో దారి వేరు. 1887లో జామెన్‌హోఫ్ దానిని బయటపెట్టినప్పటి నుంచీ ముక్కలు అతికే పద్ధతే. తొలేరి అంటే సహించు. తేని అంటే పట్టుకొను, దానికి ముందు ఎల్ చేరిస్తే ఎల్‌తేని, చివరిదాకా పట్టు విడవకపోవడం. పోర్తి అంటే మోయు, ఎల్‌పోర్తి అంటే భరించు. మన భరించులోనూ బరువే ఉంది కదా. స్వభావాన్ని చెప్పే ప్రత్యయం తగిలిస్తే తొలేరేమా, అంటే సహనం ఒంటపట్టినవాడు. సాధ్యతను చెప్పే ప్రత్యయం తగిలిస్తే తొలేరెబ్లా, సహించదగినది. దాని ముందు నే పెడితే సహించరానిది. ఒక్క ధాతువు నుంచి ఇంటినిండా సంతానం.

నా ఓటు మాత్రం గీతకే. నీ మూడు మెట్లను ఏడు చేసి కోపం దాకా సాగదీయి. పని అయిపోతుంది.

ఉద్దానం_కొబ్బరి | కవిటి దగ్గర

మాస్టారూ, అందరినీ ఒకే గీత మీద నిలబెడితే కుదరదు.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వీచినంతసేపూ ఇంట్లోవాళ్ళమంతా తలుపుకు వీపులు ఆనించి నిలబడ్డాం. అది ఓర్పే. తెల్లవారితే తగ్గుతుందని తెలుసు. పొద్దున బయటకు వస్తే తోటలో చెట్లన్నీ ఒకే దిక్కుకు తలలు పెట్టి పడుకుని ఉన్నాయి. మళ్ళీ మొక్కలు నాటాం. మా దేశవాళీ కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు. అదీ ఓర్పే, ఎంత పెద్దదైనా వేళ్ళ మీద లెక్కపెట్టుకోదగ్గ ఓర్పు.

మూడోది ఇంకొకటి ఉంది. మా ఉద్దానంలో ఎందరికో మూత్రపిండాలు పాడయ్యాయి. ఎన్ని పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. మా చిన్నాన్న డయాలసిస్‌కు వెళతాడు. మంచం మీద నాలుగు గంటలు. ఒక చేతికి రెండు గొట్టాలు. ఆ చేయి కదపకూడదు కాబట్టి ముక్కు మీద ఈగ వాలితే రెండో చేత్తో తోలుకుంటాడు. ఆ చేత్తోనే ఫోను పట్టుకుని ఊళ్ళో జీడిపిక్కల ధర ఎంత పలుకుతోందో కనుక్కుంటాడు. నాలుగు గంటలూ అయిపోతాయి. ఒకటి రెండు రోజులు గడిచాక మళ్ళీ అదే మంచం. ఎన్నాళ్ళు అని ఆయన అడగడు, చెప్పేవాళ్ళూ లేరు.

తలుపు దగ్గర నిలబడ్డ మాకు ఎక్కువ మార్కులా, చిన్నాన్నకా? ఎక్కువ తక్కువల సంగతే కాదిది. తుది కనబడుతోందా లేదా అన్నది ముందు అడగాలి. ఇలోరలో మొదటి ప్రత్యయం దానికి పెట్టండి.

బొబ్బిలి_వీణ | బొబ్బిలి

ఉద్దానంగారి మాట బాగుంది. మీ చిన్నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

నాదొక సందేహం. మరి సిరిమాను పూజారి ఏ లెక్కలోకి వస్తాడు? పైడితల్లి ఉత్సవంలో సుమారు 60 అడుగుల మాను కొసన కూర్చుని గుడికీ కోటకూ మధ్య మూడు సార్లు తిరుగుతాడు. జనం భక్తితో అరటిపళ్ళు విసురుతారు. విసిరేవాళ్ళకు అది మొక్కు, తగిలేది మాత్రం ఆయన ఒంటికి. తుది కనబడుతోంది. దెబ్బ ఉంది. ఆపమనాలని ఆయనకు ఉండదు. ఇది ఓర్పా, సహనమా, మరొకటా?

పాతనిఘంటువు | విజయనగరం

పూజారి సంగతికి తర్వాత వద్దాం. కోటగుమ్మంగారూ, పరాయి భాషల వైపు వెళ్ళేముందు మన క్రియలను ఒకసారి వరసగా నిలబెట్టి చూడండి. ఓర్చుకొను, తట్టుకొను, తాళుకొను, సర్దుకొను, తమాయించుకొను, నిలదొక్కుకొను. అన్నింటి వెనుకా కొను ఉంది. పని చేసేవాడి మీదికే తిరిగి వస్తోంది, వాడి లోపల ఏదో కుదురుకుంటోంది. సహించు, మన్నించు, ఉపేక్షించు, వీటికి కొను అక్కర లేదు. ఇవి ఎదుటివాడి మీదికి వెళతాయి. మన్నించేవాడు గద్దె మీద ఉంటాడు, సర్దుకునేవాడు గద్దె కింద ఉంటాడు. అధికారి గుమాస్తా ఆలస్యాన్ని మన్నించాడంటాం. గుమాస్తా అధికారి ఆలస్యాన్ని మన్నించాడంటే వినేవాళ్ళు నవ్వుతారు.

వేగడం అని ఇంకొకటి ఉంది. వీడితో వేగలేకపోతున్నాను అంటాం. మనుషులతోనే వేగుతాం, పంటినొప్పితో ఎవరూ వేగరు. ఓపిక మరీ చిత్రం. నడిచే ఓపిక లేదు, వినే ఓపిక లేదు: ఒంట్లో సత్తువ, మనసులో సహనం ఒకే మూటలో కట్టేశారు మన పెద్దలు. అనుభవం మీద చెప్పిన మాటే అయి ఉంటుంది. ఒంట్లో లేకపోతే మనసులో ఎక్కడి నుంచి వస్తుంది!

వేదాంతులైతే షరతులు కూడా పెట్టారు. తితిక్ష అంటే దుఃఖాలన్నింటినీ ప్రతీకారం లేకుండా, చింత లేకుండా, విలపించకుండా సహించడం. మూలుగుతూ ఓర్చుకుంటే అది తితిక్ష కిందికి రాదు.

లెక్కలమాస్టారు | శ్రీకాకుళం

మూలిగితే మార్కులు కోస్తారన్నమాట. మా పాఠశాలలో వేదాంతులు లేకపోవడం పిల్లల అదృష్టం.

సరే, గీత వదిలేస్తున్నాను, గడులు వేద్దాం. తుది కనబడుతోందా, లేదా? ఇది ఒకటి. నిఘంటువుగారు చెప్పిన గద్దె రెండోది: ఆపగలిగినవాడా, ఆపలేనివాడా? రెండు ప్రశ్నలు, నాలుగు గడులు. బాధ ఉందా లేదా అని మూడో ప్రశ్న వేస్తే ఎనిమిది. కొన్ని ఖాళీగా మిగులుతాయి, మిగలనీ.

పొందూరు_సన్నం | పొందూరు

మూడో ప్రశ్న అడగకుండా వదలకండి మాస్టారూ. మా ఊళ్ళో పని చూసిన వాళ్ళకు దాని అవసరం తెలుస్తుంది.

సన్నఖాదీకి వాడే కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఎముకకు వరసగా సన్నని పళ్ళు ఉంటాయి. గింజ మీద ఉన్న దూదినే కొద్దికొద్దిగా పట్టి, పళ్ళ మీదుగా లాగుతారు. పీచులన్నీ ఒకే దారిలోకి వస్తాయి, మకిలి ఎముక పళ్ళలో చిక్కుకుంటుంది. ఒక చిటికెడు దూది అయ్యాక ఇంకో చిటికెడు. చూడడానికి వచ్చినవాళ్ళు అరగంటలో అటూఇటూ కదులుతారు, ఫోను తీస్తారు. అబ్బ, మీకెంత ఓపికండీ అంటారు. మా అత్తయ్య ఆ మాటకు ఎప్పుడూ ముఖం చిట్లిస్తుంది. ఓర్చుకోవడానికి ఇక్కడేముంది, నాకు బాగుంది కాబట్టి చేస్తున్నాను అంటుంది. నడుము నొప్పి పుడితే అప్పుడు ఓర్చుకుంటుంది. దూదిని కాదు, నడుమును.

చూసేవాళ్ళ విసుగును చేసేవాళ్ళ ఖాతాలో వేసి ఓర్పు అని పేరు పెడుతున్నాం. ఇలోరలో ఈ నెమ్మదికి వేరే ధాతువు ఉండాలి. ఓర్పు ధాతువుతో దానికి చుట్టరికమే వద్దు.

వంశధార_ఒడ్డు | శ్రీముఖలింగం వైపు

మీరందరూ మూడు ప్రశ్నలనూ ఒకే తూకంలో చూస్తున్నారు. నాకు రెండో ప్రశ్నే అన్నింటికంటే పెద్దది. ఆపగలిగి ఆపకపోవడం ఒకటి, ఆపలేక పడి ఉండడం ఇంకొకటి. ఈ రెండింటికీ ఒకే మాట వాడినంతకాలం పైనున్నవాడికి సుఖం.

ఒక కార్యాలయంలో ధ్రువపత్రం కోసం నేను తిరిగిన రోజులు ఉన్నాయి. ఊరూ పేరూ అనవసరం. బల్ల అవతలి మనిషి చివరికి సంతకం పెడుతూ మీకు చాలా సహనమండీ అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు! నా దగ్గర ఉన్నది సహనం కాదు, వేరే దారి లేకపోవడం. ఆయన నోట సహనం అనే మాట పడగానే తప్పంతా ఎగిరిపోయి నాకొక సుగుణం మిగిలింది. తుపాను వెళ్ళిన మర్నాడు జనం నిబ్బరం గురించి వచ్చే పొగడ్తలు చదివినా నాకు ఇలాగే ఉంటుంది.

1982లో సుజెట్ హేడెన్ ఎల్గిన్ కట్టిన లాదన్ అనే భాషలో కోపానికి ఒక్క మాట కాదు, కొన్ని ఉన్నాయి. కారణం ఉందా, తప్పు పట్టడానికి ఎవరైనా ఉన్నారా, కోపం వల్ల ఫలితం ఉంటుందా అనే వాటిని బట్టి మాట మారుతుంది. ఆడవాళ్ళ అనుభవాన్ని చెప్పుకోవడానికి ఉన్న భాషలు చాలడం లేదని ఆమె ఆ పని పెట్టుకున్నారు. కోటగుమ్మంగారూ, మీ మూడో వాక్యంలోని కోడలిని దృష్టిలో పెట్టుకుని చదవండి. ఆ కోడలికీ, నాలుగో వాక్యంలోని అత్తగారికీ ఒకే ధాతువు ఇస్తే మీ ఇలోర కూడా అత్తగారి పక్షమే.

నాగావళి_చుక్క | పాలకొండ రోడ్డు

వంశధార పొంగింది, గట్లు జాగ్రత్త!

నేను ఎదురుపక్షం. మాటలు పెంచితే ఆలోచన పెరుగుతుందని ఎవరు చెప్పారు? 2001లో సోన్యా లాంగ్ బయటపెట్టిన తోకిపోనాలో ఉన్న మాటలన్నీ కలిపి 120 చిల్లర. అందులో అవెన్ అనే మాట ఉంది. ఆగి ఉండు, ఎదురుచూడు, నిలిచి ఉండు, కాపాడు, క్షేమంగా ఉండు, అన్నింటికీ అదే. తలుపుకు వీపు ఆనించిన ఉద్దానం అన్నా అవెన్, ఆ తలుపూ అవెన్, లోపల క్షేమంగా ఉన్న పిల్లలూ అవెన్. నాకు ఇందులో ఉన్న అందం ఎనిమిది గడుల్లో కనబడడం లేదు. మాట తక్కువైతే మిగతాది వాక్యంలో చెప్పుకుంటారు. నోరు ఉన్నది అందుకే.

వంశధార_ఒడ్డు | శ్రీముఖలింగం వైపు

నోరు అందరికీ ఉంటుంది తమ్ముడూ, వాక్యం పూర్తిచేసే అవకాశం అందరికీ ఉండదు. బల్ల అవతలి మనిషి ముందు నాకు దొరికింది ఒక్క మాట పట్టే చోటే.

నిర్వాహకుడు

ఇద్దరు నదులూ కాస్త నిదానం. కోటగుమ్మంగారు అడిగినది పదాల గురించి.

కోటగుమ్మం | విజయనగరం

అందరి మాటలూ చదివాక పాత మెట్లు మూడూ తీసేశాను. ఇప్పుడు ఇలా ఉంది.

మొదు: ఆపే శక్తి లేనివాడు పడేది.
సెవి: ఆపగలిగినవాడు ఆపకుండా ఊరుకునేది.
తియో: పొందూరువారి అత్తయ్యగారి నెమ్మది. పై రెండింటితో చుట్టరికం లేదు.

మొదటి రెండింటికి తుది కనబడితే ర, కనబడకపోతే న చేరుతుంది. తుపాను రాత్రి మొదుర. డయాలసిస్ మంచం మొదున. బడిపిల్లల అల్లరిని మాస్టారు గంట కొట్టేదాకా ఊరుకుంటే సెవిర. నిఘంటువుగారి కొను లాంటి దాన్ని చేర్చలేదు. ఒకే ప్రత్యయం అనే నియమం ఉంది కాబట్టి దానికి చోటు లేదు, పైగా ధాతువే ఆ పని చేస్తోంది.

లెక్కలమాస్టారు | శ్రీకాకుళం

మొదు అంటే మొద్దు గుర్తుకు వస్తోంది. అన్నీ పడేవాళ్ళను లోకం అనే మాట అదే కాబట్టి మార్చవద్దు. సెవిన అంటే చెవిన వేసుకోకపోవడం అని నేను గుర్తుపెట్టుకుంటాను.

ఇప్పుడు నీ మొదటి వాక్యానికి రా. మైకు మోత మొదునా, సెవియా? రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. ఆమె ఫోను చేస్తే పోలీసులు వచ్చి ఆపించవచ్చు. ఆపే శక్తి ఉంది, ఊరుకుంది. కాబట్టి సెవి.

పొందూరు_సన్నం | పొందూరు

కాగితం మీద ఉంది మాస్టారూ, వీధిలో ఉందా? ఆ పందిట్లో చందా పుస్తకం పట్టుకుని కూర్చున్నది పాలు పోసే ఆయన తమ్ముడు, మైకు పెట్టెవాడు ఆమె కొడుకుతో పాటు చదువుకున్నవాడు. ఫోను చేసింది ఎవరో గంటలో తెలిసిపోతుంది. మర్నాడు కుళాయి దగ్గర ఎవరూ పలకరించరు. అది భరించడం కంటే మైకే నయం అనుకుంటుంది. చట్టం ప్రకారం సెవి, ఊరి ప్రకారం మొదు.

ఉద్దానం_కొబ్బరి | కవిటి దగ్గర

పాతికేళ్ళవాడికి సెవి, పసిబిడ్డను నిద్రపుచ్చుతున్న తల్లికి మొదు అని కూడా చేర్చండి. అదే పందిరి, అదే పాట.

నాగావళి_చుక్క | పాలకొండ రోడ్డు

చూశారా! రెండు ధాతువులు పెట్టగానే ఏది వాడాలో తెలియక తగువు మొదలైంది. అవెన్ అని ఉంటే ఈపాటికి అందరం నిద్రపోయేవాళ్ళం.

పాతనిఘంటువు | విజయనగరం

తగువు రావడమే భాష బాగుందనడానికి గుర్తు. మాట వాడేవాడు ఏ పక్షమో మాటతోనే బయటపడుతోంది. పోలీసు మొదు అనడు, కుళాయి దగ్గరి ఆవిడ సెవి అనదు. కోటగుమ్మంగారూ, దీనికి తీర్పు చెప్పకండి. కథలో పాత్రలకే వదిలేయండి. ఒకే సంగతిని ఒకరు మొదు అని, ఇంకొకరు సెవి అని చెబితే వాళ్ళ మధ్య ఏముందో మీరు వేరే పేజీలో రాయనక్కర లేదు.

బొబ్బిలి_వీణ | బొబ్బిలి

నా పూజారిని మాను కొసనే వదిలేశారు. దింపండి.

వంశధార_ఒడ్డు | శ్రీముఖలింగం వైపు

పూజారికి జతగా ఇంకొకరిని కూడా ఎక్కిస్తాను. మా వైపు పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరూ చెబుతారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాష నేర్చుకోవడం అంతకు ముందే మొదలైంది. అచ్చు పుస్తకం లేని భాష. మనిషి నోటి నుంచి విని రాసుకోవలసిందే. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిన్నాయి. చెవితో చేసే పనికి చెవులే అడ్డం తిరిగాయి. అయినా మానలేదు. సవర భాష మీద ఆయన రాసిన పెద్ద వ్యాకరణం 1931లో అచ్చయింది.

ఆయనను ఎవరూ కొండల్లోకి తరమలేదు. ఎప్పుడైనా ఆపేయవచ్చు. కాబట్టి మొదు కాదు. అలాగని సెవి అంటే మనసు ఒప్పడం లేదు. సెవిలో ఏదో పెద్దమనిషి ఊరుకోవడం ఉంది. జ్వరాన్ని ఎవరైనా పెద్దమనసుతో ఊరుకుంటారా?

లెక్కలమాస్టారు | శ్రీకాకుళం

మూడో ధాతువు కావాలి. పంతం, పట్టుదల, దీక్ష, ఆ వరసలో. అవతల కావలసింది ఒకటి ఉంది, దాని కోసం ఇవతల దెబ్బలు తింటున్నాడు. పూజారికి అమ్మవారు, గిడుగువారికి సవర మాట.

నాగావళి_చుక్క | పాలకొండ రోడ్డు

మూడోది వద్దు మాస్టారూ, కాళ్ళు పట్టుకుంటాను. ఇలోరలో కోసం అనే విభక్తి ఏదో ఉండాలి కదా. కోటగుమ్మంగారు పోయిన చర్చాదారంలో చెప్పినట్టు గుర్తు. సెవి పక్కన అది పెట్టి దేని కోసమో చెబితే సరిపోదా? సెవి ఒక్కటే ఉంటే పెద్దమనిషి ఊరుకోవడం. ఫలానా దాని కోసం సెవి అంటే దీక్ష.

కోటగుమ్మం | విజయనగరం

ఉంది, కే అని. నాగావళిగారి మాట నాకు నచ్చింది. పూజారికి అమ్మకే సెవిర. గిడుగువారు మొదలుపెట్టిన రోజున తుది కనబడి ఉండదు కాబట్టి మాటకే సెవిన. అచ్చయ్యాక చెబితే సెవిర. కొత్త ధాతువు లేకుండానే సరిపోయింది.

ఇంకో సంగతి గమనించాను. మొదు పక్కన కే వస్తే ఎలా ఉంటుంది? పిల్లల కోసం మొదున. ఆపలేనివాడు తాను పడేదానికి ఒక కారణం కల్పించుకోవడం. మూడో వాక్యంలో కోడలు తన గురించి తాను చెప్పుకునేది ఇదే అయి ఉంటుంది. పక్కింటావిడ మాత్రం ఆమె గురించి ఉత్త మొదున అంటుంది. ఈ రెండింటి మధ్య నాకు ఒక అధ్యాయం దొరికింది.

ఉద్దానం_కొబ్బరి | కవిటి దగ్గర

చిన్నాన్నకు ఈ దారమంతా చదివి వినిపించాను. మొదున అనే మాట తనకొద్దట. మంచం మీద ఉన్న నాలుగు గంటలకూ మొదుర చాలు, మిగతా రోజుల్లో తాను జీడితోటలో ఉంటాను కాబట్టి అక్కడ తియో రాయమన్నాడు. భాష కట్టేవాళ్ళు తనను అడగకుండా న తగిలించకూడదని కూడా చెప్పమన్నాడు.

పొందూరు_సన్నం | పొందూరు

చిన్నాన్నగారి మాటే ఖాయం చేయండి. ఓర్చుకునేవాళ్ళు ర అన్నచోట చూసేవాళ్ళు న అనకూడదని ఇలోర జనంలో ఒక మర్యాద పెట్టవచ్చు. వ్యాకరణంలో కాదు, మర్యాదలో.

కోటగుమ్మం | విజయనగరం

పెట్టేశాను. ఇప్పటికి నాలుగు వాక్యాల లెక్క ఇదీ. మైకు మోత: మాట్లాడేవాడిని బట్టి సెవిర లేదా మొదుర, తొమ్మిదో రోజు నిమజ్జనం కాబట్టి ర మాత్రం ఖాయం. పంటినొప్పి: మొదుర. కోడలు: చెప్పాను. అత్తగారు: సెవిన.

లెక్కలమాస్టారు | శ్రీకాకుళం

నాలుగోదాన్ని ఒప్పుకోను. అత్తగారికి ఆపే శక్తి ఉందన్నావు, సరే. ఆ ఇంట్లో వంట వచ్చిన మనిషి ఇంకెవరున్నారు? మోకాళ్ళ నొప్పులతో ఆవిడ పొయ్యి దగ్గర నిలబడలేకపోతే అది సెవి ఎలా అవుతుంది?

పాతనిఘంటువు | విజయనగరం

మాస్టారూ, ఇది మీ ఇంటి సంగతిలా ఉంది.

లెక్కలమాస్టారు | శ్రీకాకుళం

మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. మా ఆవిడ ఈ వేదిక చదువుతుంది. నాలుగో వాక్యాన్ని సెవిర అని రాయండి, ప్రస్తుతానికి.